వెళ్లినవాడు వాడని మాట

ఉదయం పేపర్లో జిల్లా పేజీ తెరిస్తే ఏదో ఒక మూల ఈ మాట తగులుతుంది: ఏ1, ఏ2 అరెస్టు, ఏ3 పరారీ. అదే పేపరు ఇంకో మూల చిన్న పెట్టెలో పాస్‌పోర్టు ఫొటో, దాని కింద ‘కనబడుట లేదు’ అని ప్రకటన. ఎక్కడున్నా ఇంటికి రమ్మని, ఎవరూ ఏమీ అనరని, అమ్మ అన్నం ముట్టడం లేదని. రెండు చోట్లా జరిగింది ఒకటే. ఉండాల్సిన మనిషి ఉండాల్సిన చోట లేడు. వెతికేవాళ్లు వేరు కాబట్టి మాట మారింది. కన్నవాళ్లు వెతికితే ‘కనబడుట లేదు’. పోలీసులో అప్పులవాళ్లో వెతికితే ‘పరారీ’.

ఈ పరారీకి మన ఠాణాల్లో, ఛార్జిషీట్లలో వాడే ఇంగ్లీషు మాట ‘అబ్‌స్కాండ్’. చెప్పాపెట్టకుండా మాయం కావడం అని దాని అర్థం. ఇంగ్లీషులోకి వచ్చి సుమారు నాలుగున్నర శతాబ్దాలైంది. ఈ క్రియకు ఒక వింత గుణం ఉంది. వెళ్లినవాడు దీన్ని తన గురించి వాడుకోడు. ‘వచ్చేశాను’ అంటాడు, ‘బయటపడ్డాను’ అంటాడు, ‘ఇక నా వల్ల కాలేదు’ అంటాడు. ‘నేను అబ్‌స్కాండ్ అయ్యాను’ అని తనంతట తాను చెప్పుకునేవాడు దాదాపు ఉండడు. వెనక మిగిలినవాళ్లు, అందులోనూ వెళ్లినవాడి మీద తమకేదో హక్కుందని నమ్మేవాళ్లు అనే మాట ఇది. ఆ హక్కుదారు ఎవరన్నది మాత్రం కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. మొదట అప్పిచ్చినవాడు, తర్వాత బానిసల యజమాని, మేజిస్ట్రేటు, తోటదొర, ఇప్పుడు కంపెనీ హెచ్చార్ విభాగం. ఆ వరసలో చూస్తే ఈ మాట చరిత్ర బాగా తెలుస్తుంది.

అంతర్ధానానికి చుట్టం

మాట పుట్టిల్లు లాటిన్. ‘అబ్‌స్కొండెరె’ అంటే కంటికి కనబడకుండా దాచిపెట్టడం. ‘అబ్’ అంటే దూరంగా, ‘కొండెరె’ అంటే ఒకచోట పెట్టడం, భద్రపరచడం. ఇదే కొండెరెకు ఊరికి పునాది వేయడం అనే అర్థం కూడా ఉంది. రోమన్లు తమ నగరం వెలసిన నాటి నుంచి ఏళ్లు లెక్కపెట్టుకున్నది ఈ క్రియతోనే. ఆ ‘కొండెరె’లోని రెండో ముక్కకు మూలమైన ధాతువు సంస్కృతంలో ‘ధా’గా నిలిచింది. నిధి, సంధి, విధి, పిధానం అన్నీ దాని సంతానమే. ‘అంతర్’ చేరితే అంతర్ధానం, ‘తిరస్’ చేరితే తిరోధానం. వరమిచ్చి దేవుడు అంతర్ధానమయ్యాడని పురాణం చెప్పేవారు అనే మాటా, ఏ3 పరారీ అని ఎస్సై రాసే మాటా దూరపు చుట్టాలన్నమాట.

లాటిన్‌లో ఈ మాటకు నేరపు వాసన లేదు. యెషయా గ్రంథపు లాటిన్ అనువాదంలో దేవుడికే దీన్ని విశేషణంగా వాడారు. ‘దేయుస్ అబ్‌స్కొండితుస్’, మరుగున ఉన్న దేవుడు. 15వ శతాబ్దంలో కూసాకు చెందిన నికొలాస్ ఈ పేరు మీద ఒక చిన్న సంవాద గ్రంథం రాశాడు. మార్టిన్ లూథర్, ఆ తర్వాత ఫ్రాన్సులో పాస్కల్ ఈ భావాన్ని ముందుకు తీసుకెళ్లారు. వెతుకుతున్నవాడు వెనక మిగిలిపోవడం, వెళ్లినవాడు మాట్లాడకపోవడం అప్పటికే అందులో ఉన్నాయి. తేడా ఒక్కటే. దేవుడి మీద వారంటు తీసేవాడు లేడు.

లాటిన్ పిల్లభాషల్లోనూ ఈ మాట అమాయకంగానే బతికింది. స్పానిష్‌లో ‘ఎస్కొండెర్’ అంటే దాచడం. పిల్లలు ఆడుకునే దాగుడుమూతల పేరు దానిలోంచే వచ్చింది. కాలిఫోర్నియాలో ఎస్కొండిడో అనే ఊరుంది. దాగి ఉన్నది అని ఆ పేరుకు అర్థం. గాలికి ఆరిపోకుండా చుట్టూ మరుగు పెట్టిన దీపాన్ని పాత ఫ్రెంచిలో ఈ ధాతువుతోనే పిలిచారు. నేడు ఇళ్ల గోడలకు బిగించే దీపపు స్టాండుకు ఇంగ్లీషువాళ్లు వాడే ‘స్కాన్స్’ అనే పేరు దాని నుంచి దిగింది.

తలుపు వేసుకున్న పరారీ

16వ శతాబ్దం రెండో సగంలో ఈ మాట ఇంగ్లీషులో అడుగుపెట్టేసరికి అక్కడ దానికో పని సిద్ధంగా ఉంది. లండన్‌లో వ్యాపారం పెరుగుతోంది, అరువు పెరుగుతోంది, అరువు తీసుకుని మాయమయ్యేవాళ్లూ పెరుగుతున్నారు. ఎనిమిదో హెన్రీ రాజ్యంలో 1542లో ఇంగ్లండు తొలి దివాలా చట్టం వచ్చింది. దాని గురి రెండు రకాల మనుషుల మీద. సరుకు అరువు తీసుకుని ఎవరికీ తెలియని చోటికి పోయేవాళ్లు ఒకరు. ఇంట్లోనే ఉండి తలుపు తీయనివాళ్లు రెండోవారు.

రెండోది వినడానికి వింతగా ఉంటుంది గానీ, ఆ కాలపు న్యాయం ప్రకారం అది మంచి ఎత్తు. అప్పు వసూలుకు వచ్చిన కోర్టు బంట్రోతు వీధి తలుపు పగలగొట్టి లోపలికి రాకూడదు. ఇంగ్లీషువాడి ఇల్లు వాడికి కోట అనే సూత్రాన్ని 1604లో సెమేన్ కేసు స్థిరపరిచింది. 1677 చట్టం వచ్చాక ఆదివారంనాడు బాకీ కింద అరెస్టు చేయడం కూడా కుదరదు. కాబట్టి ఆరు రోజులు గడియ వేసుకుని కూర్చున్నవాడు ఏడో రోజు దర్జాగా షికారుకు వెళ్లవచ్చు. అట్లా తప్పించుకోలేనివాళ్ల గతి మార్షల్సీ, ఫ్లీట్ లాంటి బాకీదార్ల జైళ్లు. చార్లెస్ డికెన్స్ తండ్రి 1824లో మార్షల్సీకి వెళ్లింది అప్పుల వల్లే.

సామ్యుయెల్ జాన్సన్ 1755లో తన నిఘంటువు అచ్చు వేసేనాటికి మాట సగం దారిలో ఉంది. తనను తాను దాచుకోవడం, జనం కంట పడకుండా తప్పుకోవడం అని అర్థం చెప్పి, సాధారణంగా బాకీదార్ల గురించీ చట్టాన్ని తప్పించుకునే నేరస్థుల గురించీ వాడతారని ఒక ముక్క కలిపాడు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి మనిషిది కాదు. చలికాలమంతా బొరియలో దాక్కుని ఒంట్లో కొవ్వు మీద బతికే మార్మొట్ అనే ఆల్ప్స్ కొండల జంతువుది. అంటే అప్పటికి జంతువు కూడా నిర్దోషిగా అబ్‌స్కాండ్ కావచ్చు. తర్వాత్తర్వాత ఆ సౌకర్యం పోయింది. దాక్కోవడం వెనక్కి తగ్గింది, పారిపోవడం ముందుకు వచ్చింది.

ఇంగ్లీషు బాకీదార్లకు పారిపోవడానికి దగ్గరి చోటు ఇంగ్లిష్ ఛానల్ అవతలి ఒడ్డు. లండన్ ఫ్యాషన్‌కు రాజు లాంటి బో బ్రమ్మెల్ 1816 మేలో ఒక రాత్రి ఎప్పటిలాగే ఒపేరాకు వెళ్లి కనిపించి, అటు నుంచి అటే డోవర్ రేవుకు, అక్కడి నుంచి కలే పట్నానికి చేరాడు. మళ్లీ ఇంగ్లండులో బతకలేదు, 1840లో ఫ్రాన్సులోనే పోయాడు. మామూలు బాకీలకు జైలు పెట్టడాన్ని చాలావరకు మాన్పించిన చట్టం 1869లో వచ్చింది. మరుసటి ఏడే ఇంకో చట్టం తేవలసి వచ్చింది. దాని పేరే ‘అబ్‌స్కాండింగ్ డెటర్స్ యాక్ట్, 1870’. మాట చట్టం నెత్తికెక్కింది.

ప్రెసిడెంటుగారి ఇంటి నుంచి

అట్లాంటిక్ అవతల ఈ మాటకు ఇంకో యజమాని దొరికాడు. అమెరికా పత్రికల్లో, పారిపోయిన బానిసల కోసం యజమానులు వేయించే ప్రకటనలు 18, 19 శతాబ్దాల్లో మామూలు దృశ్యం. వాటిలో ఒకటి 1796 మే నెలలో ఫిలడెల్ఫియా పత్రికల్లో వచ్చింది. వేయించినవాడు ఫ్రెడరిక్ కిట్, జార్జి వాషింగ్టన్ ఇంటి వ్యవహారాలు చూసే ఉద్యోగి. మొదటి మాటే ‘అబ్‌స్కాండెడ్’. దేశాధ్యక్షుడి ఇంటి నుంచి ఓనా జడ్జి అనే పడుచు మాయమైందనీ, పట్టి తెచ్చినవారికి పది డాలర్లిస్తామనీ. ఆమె వెళ్లిపోతుందన్న అనుమానం ఎవరికీ లేదనీ, వెళ్లడానికి తగిన కారణం కూడా లేదనీ అందులో రాయించారు.

కారణం ఉంది. ఓనా కుట్టుపనిలో నేర్పరి, వాషింగ్టన్ భార్య మార్తాకు దగ్గరుండి సేవ చేసే మనిషి. మార్తా మనవరాలికి పెళ్లి కానుకగా తనను ఇచ్చేయబోతున్నారని ఆమెకు తెలిసింది. మే 21న ఆ ఇంటివాళ్లు భోజనాల దగ్గర కూర్చుని ఉండగా గడప దాటింది. ఓడెక్కి న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. పారిపోయిన బానిసలను పట్టి అప్పగించాలనే 1793 నాటి చట్టం మీద సంతకం వాషింగ్టన్‌దే. అయినా ఆమెను వెనక్కి తెప్పించుకోవడం ఆయనకు సాధ్యపడలేదు. 1848లో కన్నుమూసేదాకా ఓనా చట్టం కళ్లకు పారిపోయిన సొత్తే. 1840ల్లో బానిసత్వాన్ని వ్యతిరేకించే పత్రికలవాళ్లు వచ్చి అడిగితే తన కథ తానే చెప్పుకుంది. వెళ్లినందుకు చింత లేదంది. ఆ కథలో ఆమె మాటలు ప్రకటనలోని మాటలతో ఒక్కచోటా కలవవు.

అదే అమెరికాలో, వెళ్లేవాళ్లు తమ గురించి తాము రాసుకున్న మాట కూడా ఒకటి దొరుకుతుంది. 1819లోనూ 1837లోనూ ఆర్థిక మాంద్యాలు వచ్చి అప్పులు మీద పడినప్పుడు, ఎందరో రాత్రికి రాత్రి బండి కట్టి టెక్సస్ వైపు సాగిపోయారు. వెళ్తూ వెళ్తూ తలుపు మీద ‘జి.టి.టి.’ అని మూడక్షరాలు గీసేవారు. ‘టెక్సస్‌కు వెళ్లాం’ అన్నదానికి పొడి అక్షరాలు. తలుపు ముందు నిలబడ్డ అప్పులవాడికి అది పరారీ. తలుపు మీద రాసినవాడికి ఒట్టి ప్రయాణం.

బరువైన మాటను పట్టుకుని ఆటలాడటం కూడా అమెరికన్లకు సరదా. 1830ల్లో ‘అబ్‌స్క్వాచులేట్’ అనే నకిలీ లాటిన్ మాట ఒకటి పుట్టించారు. అబ్‌స్కాండ్‌లో సగం, చతికిలబడటంలో సగం, నడవడంలో తోక కలిపిన కల్తీ సరుకది. స్పానిష్ ‘వామోస్’ను పట్టుకుని ‘వమూస్’ అన్నారు. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక యుద్ధరంగం నుంచి పరుగెత్తే సైనికులకు ‘స్కెడాడిల్’ తగులుకుంది. ఈ మాటలన్నీ నవ్వుకు పనికొచ్చాయి. కోర్టు కాగితం మీద మాత్రం పాత మాట సీటు చెక్కుచెదరలేదు.

చావడి ముందు చదివిన కాగితం

మన దేశానికి ఈ మాట చట్టం బండెక్కి వచ్చింది. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో 172వ సెక్షన్, సమన్లు అందకుండా తప్పించుకుపోవడాన్నే ఒక నేరంగా చేసింది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ దానికి తతంగం ఏర్పరచింది. 1898 కోడ్‌లో 87, 88 సెక్షన్లు, 1973 కోడ్‌లో 82, 83, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 84, 85. అంకెలు మారాయి గానీ తంతు పెద్దగా మారలేదు. వారంటు అమలు కాకుండా మనిషి పరారయ్యాడనో దాక్కున్నాడనో కోర్టు నమ్మితే, ఫలానా చోట, ఫలానా రోజున హాజరు కావాలని ప్రకటన ఇస్తుంది. గడువు 30 రోజులకు తగ్గకూడదు. ఆ ప్రకటనను మనిషి ఉండే ఊళ్లో అందరికీ కనబడే చోట బిగ్గరగా చదవాలి. ఇంటికి అంటించాలి. కోర్టులోనూ ఒక ప్రతి అతికించాలి. ఆ తర్వాతి మెట్టు ఆస్తి జప్తు. మనిషి లేని ఇంటి ముందు, మనిషి పేరు పిలిచి, మనిషికి వినబడదని తెలిసీ ఊరంతటికీ వినిపించే తంతు ఇది.

అయితే అబ్‌స్కాండ్ అంటే ఏమిటి? ఊరు దాటాలా? ఈ ప్రశ్న మద్రాసు హైకోర్టు ముందుకు 1880ల తొలినాళ్లలోనే శ్రీనివాస అయ్యంగార్ కేసులో వచ్చింది. చోటు మారడం తప్పనిసరి కాదు, తనను తాను దాచుకుంటే చాలని కోర్టు తేల్చింది. మళ్లీ 1970ల్లో కర్తారే కేసులో సుప్రీంకోర్టు అదే మాట అంది. ఇల్లు విడిచి పరుగెత్తక్కర్లేదు, సొంత ఇంట్లో నక్కినా పరారీయే. ఇంగ్లండు వీధుల్లో ఎప్పుడో వెనకబడిన పాత లాటిన్ అర్థం మన కోర్టుల్లో పదిలంగా ఉంది.

వాడుకలోనూ ఆ ఛాయ కనబడుతుంది. ఇంగ్లండులో ఈ క్రియ ఎక్కువగా ఒకసారి జరిగిపోయిన పనిని చెబుతుంది. అక్కడి జైళ్ల శాఖ లెక్కల్లో దీనికి సన్నటి తేడా కూడా ఉంది. గోడో తాళమో దాటి పోతే ‘ఎస్కేప్’, కాపలా గోడ లేని ఓపెన్ జైలు నుంచి నడిచి పోతే ‘అబ్‌స్కాండ్’. మన దగ్గర అది పని కాదు, ఒక స్థితి. ‘ఈజ్ అబ్‌స్కాండింగ్’ అని ఏళ్ల తరబడి ఫైల్లో పడి ఉంటుంది. తెలుగులోనూ అంతే. పరారయ్యాడు అనడం కంటే పరారీలో ఉన్నాడు అనడమే ఎక్కువ. పరారీ ఒక ఊరైనట్టు, అతను అక్కడ కాపురం పెట్టినట్టు.

పారిపోయినంత మాత్రాన నేరం చేసినట్టేనా? 1971లో మాత్రూ కేసులో సుప్రీంకోర్టు కాదంది. తప్పు చేయనివాడు కూడా తన మీద అనుమానం వచ్చిందంటే బెదిరిపోయి తప్పుకోవచ్చని, అది మనిషి స్వభావమని గుర్తుచేసింది. ‘ఎందుకు పోయాడు’ అన్న ప్రశ్నకు ఈ మాట చరిత్రలో చోటు దొరికిన అరుదైన సందర్భాల్లో అదొకటి. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహిత ఇంకో దారి తెరిచింది. ఘోరమైన నేరాల్లో, ప్రకటన వెలువడినా రాని నిందితుడి విషయంలో, ఛార్జి ఖరారైన 90 రోజుల తర్వాత అతను లేకుండానే విచారణ జరిపి తీర్పు చెప్పవచ్చు. మనిషి లేకపోయినా కథ ముగుస్తుంది.

తోటదొర, కఫీల్

నేరం చేయని మనిషికి కూడా ఈ ముద్ర పడ్డ చోట్లు ఉన్నాయి. అస్సాం తేయాకు తోటలు అందులో ఒకటి. కూలీలను ఒప్పందం రాయించి తీసుకెళ్లేవారు. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా వెళ్లారు. 1865 నాటి బెంగాల్ చట్టం, ఒప్పందం నడుమ తోట విడిచిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారం తోటదొర చేతికే ఇచ్చింది. అది పోయింది 1908లో. నలభై ఏళ్లకు పైగా, పని మానేయడమూ పారిపోవడమూ ఒకటే అయ్యాయి.

ఆ కథ ముగిసిందనుకోవడానికి లేదు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ల ఇళ్లలో ‘అబ్‌స్కాండింగ్ కేసు’ అంటే వివరించనక్కర్లేదు. అక్కడ పనివాడి వీసా అతనికి పూచీ ఉండే యజమాని, అంటే కఫీల్ చేతిలో ఉంటుంది, చాలాసార్లు పాస్‌పోర్టు కూడా. జీతం ఇవ్వలేదనో, కొట్టారనో, చెప్పిన పని ఒకటి చేయించేది ఒకటనో మనిషి బయటికి వస్తే కఫీల్ వెళ్లి ఫిర్యాదు రాయిస్తాడు. సౌదీలో దాన్ని ‘హురూబ్’ అంటారు. పలాయనం అని అర్థం. ఆ ఒక్క మాటతో మనిషి కాగితాలు చెల్లవు, ఇంటికి టికెట్టు కొనుక్కున్నా విమానం ఎక్కనివ్వరు.

అట్లా బయటపడ్డవాళ్లు తమకు తాము పెట్టుకున్న పేరు ‘కల్లివెల్లి’. ‘పోతే పోనీ’ అనే అరబ్బు వాడుక మాట తెలంగాణ నాలుక మీద అలా తిరిగింది. ‘కల్లివెల్లి అయిన’ అని చెప్పడానికి వాళ్లు సిగ్గుపడరు. దొంగతనంగా బతకాల్సి వచ్చినందుకు బాధ ఉంటుంది, భయం ఉంటుంది. కానీ ఆ మాటలో ఒక ఊపిరి వదిలిన చప్పుడు కూడా ఉంది. కఫీల్ రిజిస్టరులో పరారైనవాడే తన నోట కల్లివెల్లి.

రాజకీయాల్లో ఇంకో రకం. 1941 జనవరి 16 రాత్రి కలకత్తా ఎల్గిన్ రోడ్డు ఇంటి నుంచి, చుట్టూ నిఘా ఉండగానే, సుభాష్ చంద్రబోస్ కారులో జారుకున్నారు. బ్రిటిష్ ఫైల్లో అది ఏ మాటైనా కావచ్చు, దేశం దాన్ని సాహసం అంది. కమ్యూనిస్టు పార్టీ మీద నిర్బంధం బిగిసినప్పుడు పుచ్చలపల్లి సుందరయ్య లాంటి నాయకులు ఏళ్ల తరబడి పోలీసులకు చిక్కకుండా పనిచేశారు. పోలీసులకు వాళ్లు పరారీలో ఉన్నవాళ్లు. పార్టీలో మాత్రం అది ‘రహస్య జీవితం’, వాళ్లుండే ఇల్లు ‘డెన్’. జనం ఇంకాస్త పెద్దమాట వెతికి అజ్ఞాతవాసం అన్నారు. విరాటుడి కొలువులో పాండవులు గడిపిన ఏడాదికి మనం పెట్టుకున్న పేరది. దుర్యోధనుడు వేగులను పంపి వెతికిస్తూనే ఉన్నాడు. భారతం అతని వైపు నుంచి చెప్పి ఉంటే ఆ ఏడాదికి పేరు మారేదేమో.

తెలుగువాడి లెక్క

‘పరారీ’ మన సొంత మాట కాదు. అరబ్బీ ‘ఫిరార్’ పారసీ, ఉర్దూల మీదుగా కచేరీల్లోకి వచ్చింది, ‘ఫ’ అలవాటు లేని మన నోట ‘ప’ అయింది. సర్కారు వారి మాట కాబట్టి దీన్నీ ఎవరూ తమకు తగిలించుకోరు. ‘నేను పరారయ్యాను’ అనడం తెలుగులోనూ ఎబ్బెట్టే. ఇంటి మాటలు అట్లా కాదు. ‘ఆ గొడవ చూసి కాలికి బుద్ధి చెప్పాను’, ‘సభ మధ్యలో మెల్లగా జారుకున్నాను’, ‘మొదటి బస్సుకే చెక్కేశాను’ అని నవ్వుతూ చెప్పుకోవచ్చు. కాలికి బుద్ధి చెప్పడంలో తెలివి నాదే కదా.

సొమ్ము కలిసేసరికి మళ్లీ మాట ఎదుటివాడి మీదికి పోతుంది. ‘చీటీల సొమ్ముతో ఉడాయింపు’, ‘రాత్రికి రాత్రి బిచాణా ఎత్తేసిన సంస్థ’ అని శీర్షికలు. ఉడాయించడం హిందీ ‘ఉడానా’ నుంచి వచ్చింది, ఎగరేయడం. బిచాణా కూడా అటునుంచే, పరుచుకున్న పడక. చాప చుట్టేశాడన్నమాట. ఇంగ్లీషులో ‘డీక్యాంప్’ అనే క్రియ సరిగ్గా ఈ కోవదే. సైన్యం గుడారాలు పీకడం నుంచి 17వ శతాబ్దం చివర్లో ఫ్రెంచి ద్వారా వచ్చింది. మన ‘మకాం ఎత్తేయడం’ దానికి అచ్చమైన జోడీ, ఎవరూ అనువదించకుండానే.

వీటన్నిటికీ మించి తెలుగువాళ్ల సొత్తు ‘ఐపీ పెట్టడం’. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కింద కోర్టులో వేసే దివాలా పిటిషన్ ఇది. మిర్చి, పత్తి వ్యాపారుల బజార్లలో, చీటీలు నడిచే వీధుల్లో ఈ రెండక్షరాలకు గుండెలు ఆగుతాయి. ఆ చట్టం దివాలాకు గుర్తులుగా చెప్పినవాటిలో, అప్పులవాళ్లకు అందకుండా ఇల్లు విడిచిపోవడం ఉంది, వాళ్లకు కనబడకుండా లోపలే కూర్చోవడమూ ఉంది. 1542 నాటి లండన్ తలుపు గుంటూరు దాకా వచ్చింది. నిజానికి ఐపీ పెట్టినవాడు కోర్టు ముందుకు వచ్చి తన దగ్గర లేదని ఒప్పుకున్నవాడు. పారిపోయినవాడు అదీ చేయనివాడు. మన వాడుక మాత్రం ఇద్దరినీ ఒకే తాటికి కట్టేసి ‘ఐపీ పెట్టి ఉడాయించాడు’ అంటుంది. చేతిలో నోటు మిగిలి సొమ్ము పోయినవాడికి వాళ్ల మధ్య తేడా ఏముంటుంది?

నోటీసు పీరియడ్

21వ శతాబ్దంలో మాట రెండు కొత్త గదుల్లోకి మారింది. ఒకటి చాలా పెద్దవాళ్లది. వేల కోట్ల బ్యాంకు బాకీల నడుమ విజయ్ మాల్యా 2016 మార్చి 2న దేశం విడిచి వెళ్లారు. ఈ ధోరణిని అడ్డుకోవడానికి 2018లో పారిపోయిన ఆర్థిక నేరస్థుల చట్టం వచ్చింది. 100 కోట్లు, ఆ పైన విలువ ఉన్న నేరాలకు అది వర్తిస్తుంది. 2019 జనవరి 5న ముంబయి ప్రత్యేక కోర్టు ఆ చట్టం కింద మొదట ప్రకటించిన పేరు మాల్యాదే. వెళ్లిన కొద్ది రోజులకే ఆయన ట్విటర్‌లో, తాను పారిపోలేదనీ అబ్‌స్కాండర్‌ను కాననీ రాశారు. వెళ్లినవాడి నోట ఈ మాట వినబడితే, వెనకాలే ‘కాను’ అని కూడా వినబడుతుంది.

రెండో గది మాదాపూర్, గచ్చిబౌలి అద్దాల మేడల్లో ఉంది. ఉద్యోగి రాజీనామా ఇవ్వకుండా, రెండు మూడు నెలల నోటీసు పీరియడ్ పూర్తి చేయకుండా రావడం మానేస్తే హెచ్చార్ భాషలో అతను ‘అబ్‌స్కాండింగ్’. ఈమెయిల్ వస్తుంది, తర్వాత ఇంటి అడ్రసుకు ఉత్తరం వస్తుంది. రిలీవింగ్ లెటర్ ఆగిపోతుంది. తర్వాతి కంపెనీవాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేస్తే ఆ మాట మళ్లీ తగులుతుంది. అమెరికాలో ఇదే పని చేస్తే ‘నో కాల్, నో షో’ అంటారు, ఉద్యోగం వదిలేశాడని రాసుకుంటారు. నేరస్థుడి మాట తగిలించరు. డాలస్‌లో ఉన్న తెలుగు ఇంజనీరుకు, హైదరాబాదులో ఉన్న తమ్ముడికి వచ్చిన ఆ ఉత్తరం చదివితే ఒక్క క్షణం పోలీసు కాగితంలా కనిపిస్తుంది. తప్పు అతనిది కాదు. ఠాణాలో నూట యాభై ఏళ్లు పనిచేసి ఆఫీసుకు వచ్చిన మాట అది, ఖాకీ వాసన ఇంకా వదల్లేదు.

ఈ ఉత్తరాల్లో ఒక పోలిక గమనించవచ్చు. ఏ తేదీ నుంచి రాలేదో ఉంటుంది, ఏ నిబంధన మీరాడో ఉంటుంది, ఎంత కట్టాలో ఉంటుంది. ఎందుకు రాలేదో అడిగే చోట ఒక పొడి వాక్యం ఉంటే ఉంటుంది. 1796 ప్రకటన వేయించినవాళ్లు కనీసం కారణమేమీ లేదని రాసి, కారణమనేది ఒకటి ఉండవచ్చని ఒప్పుకున్నారు. లాటిన్‌లో ఈ క్రియ మనిషినో వస్తువునో దాచేది. ఇన్ని చేతులు మారాక ఇప్పుడది దాచేది వెళ్లడానికి వెనక ఉన్న కారణాన్ని.

ఖాళీ పెట్టె

ఒక్క రంగంలో మాత్రం ఈ మాట వేరే దారిన నడిచింది. అది తేనెటీగల పెంపకం.

పెంపకందారు ఒక ఉదయం పెట్టె మూత తీస్తాడు. పట్టు ఉంటుంది, ఈగలుండవు. రాణితో సహా మొత్తం కాపురం ఎగిరిపోయి ఉంటుంది. దీన్ని ఆ శాస్త్రంలో ‘అబ్‌స్కాండింగ్’ అంటారు. కాపురం పెరిగి, పాత రాణి సగం ఈగలను వెంటేసుకుని వేరుపడటం వేరు, దాని పేరు వేరు. అది ఎదుగుదల. ఇది ఇల్లు ఖాళీ చేయడం. చెట్టు తొర్రల్లో గూడు కట్టే మన దేశీ తేనెటీగ, ఏపిస్ సెరానా, ఈ విషయంలో యూరప్ ఈగ కంటే తొందరపాటు మనిషి. పెట్టె నచ్చకపోతే ఆగదు.

ఇక్కడ కూడా మాట వెనక మిగిలినవాడిదే. పెట్టె అతనిది, పెట్టుబడి అతనిది, ఎగిరిపోయిన తేనె అతనిది. కానీ పెంపకం పుస్తకం ఏది తెరిచినా ఈ మాట కింద మొదట కనబడేది కారణాల పట్టీ. చుట్టుపక్కల పూలు లేక ఆకలి. చీమలు. మైనం తినే పురుగు. పెట్టె మీద నేరుగా పడే ఎండ. మాటిమాటికీ మూత తీసి కెలకడం. వాటికి కాస్తయినా మిగల్చకుండా తేనె మొత్తం పిండేయడం. పట్టీ పక్కనే పరిహారం. పెట్టెను నీడకు మార్చు, స్టాండు కాళ్ల కింద నీటి గిన్నెలు పెట్టు, పూలు లేని కాలంలో చక్కెర పాకం పెట్టు, తేనె కొంత వదులు.

అనుభవమున్న పెంపకందారు ఎగిరిపోయిన ఈగల వెంట పడడు. ఖాళీ పట్టును తీసి వెలుతురుకు ఎత్తి పట్టి చూస్తాడు, పురుగు పట్టిందా అని.